కరుణామూర్తి డేమియన్

దేవుని కరుణను పొందినవాడు దానిని తోడివారికి పంచవలెననునది కథోలిక మతబోధ. ఈ బోధను తన జీవితముచే సార్థకము గావించిన మహనీయుడు డేమియన్.

ఆయన 1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన బెల్జియము దేశమందలి ట్రెమెలో గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. తండ్రి ఆయనను వ్యాపారమున ప్రవేశపెట్టదలచెను. కాని జోసెఫ్ అన్నవలె మఠమున జేరి, డేమియన్ అను పేరు దాల్చెను. హవాయి దీవులకు పోవలసిన అన్న జబ్బుపడగా, ఆయనకు బదులుగా తాను బయలుదేరి 1864లో హోనోలూలు చేరెను. ఆ యేడే గురుపట్టము నందెను.

అప్పుడా దీవులలో కుష్ఠరోగము ప్రబలియుండెను. దానికి మందు లేదు. 1865లో చేసిన శాసనము ననుసరించి రోగులను మొలొకై దీవికి పంపివేయుచుండిరి. ఆ స్థలమునకు ఒకవైపు నిలువైన కొండ, మూడువైపుల సముద్రము. అటు పోయినవారికి ఇల్లు చేరు ఆశ లేదు. బిడ్డలను తల్లులు, భార్యలను భర్తలు విడువవలసివచ్చెను.

అచ్చటికి వంతులవారీగ పోవుటకు నలుగురు గురువులు ముందునకు వచ్చిరి. మొదటి వంతు డేమియనుది. 1873 మే 10వ తేదీన ఆయన మొలొకైలో దిగెను. ఉండుటకు ఇల్లు లేక, తొలిరాత్రులు మొగలిజాతి చెట్టు క్రింద పరుండెను. కొలదినాళ్లకే ఆ జనమును విడిచి రాలేనని నిశ్చయించుకొనెను.

రోగిని తాకుటకు లోకము జంకెడి కాలమది. మొదట పుండ్ల దుర్వాసనను ఆయనయు ఓర్వలేకపోయెను. దానిని అణచుటకు పొగత్రాగుట అలవరచుకొనెను గాని, రోగులకు దూరముగ తొలగలేదు. తన చేతులతో వారి పుండ్లకు కట్లు కట్టెను, ఇండ్లు నిర్మించెను, గొట్టముల ద్వారా మంచినీరు తెప్పించెను. చనిపోయినవారికి శవపేటికలు చేసి, గోతులు త్రవ్వి, గౌరవముతో పూడ్చెను. ప్రసంగములలో తన్నుగూడ రోగులలో నొకనిగ చెప్పుకొనుచుండెను.

ఆ మాట 1884 చివర నిజమయ్యెను. ఒకనాడు మరుగునీటిలో కాలు పెట్టగా చర్మము బొబ్బలెక్కెను. కాని నొప్పి తెలియలేదు. తనకును రోగము సోకెనని గ్రహించెను. అయినను పని మానలేదు. 1888లో మదర్ మరియాన్ కోప్ తోడి సోదరీమణులతో వచ్చి సేవాభారమును పంచుకొనెను. 1889 ఏప్రిల్ 15వ తేదీన, నలువది తొమ్మిదవ యేట, డేమియన్ తనువు చాలించెను.

ఆయన మొలొకైలో దిగిన 1873లోనే నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. నేడిది మందులతో పూర్తిగ నయమగును. 2009లో పోపు పదునారవ బెనెడిక్టు డేమియనును పునీతునిగ ప్రకటించెను.

బాలబాలికలారా! రోగమునకు మందు దొరికినది. కాని రోగిని వెలివేయు మనసునకు మందు కరుణ యొక్కటియే. దూరమునుండి జాలిపడువారు పెక్కురు. దగ్గరకు పోయి చేయి పట్టువాడు డేమియన్ వంటివాడు.