ఐదవ జార్జి రాజుగారి ఎఱ్ఱ ఆల్బములు

ఐదవ జార్జి చక్రవర్తి ముఖము మన తాతముత్తాతలకు మిక్కిలి పరిచితము. గడ్డముతో, కిరీటముతో ప్రక్కకు తిరిగి యుండు నా రూపము వారు చేతబట్టిన రూపాయి మీద నుండెను; వారు వేసిన ప్రతి యుత్తరము మీదను నుండెను. ఆయన యేలుబడిలో మన దేశమునకు గలిగిన మేలుకీడులు చరిత్ర తరగతిలో చదువదగినవి గాని యీ పుటలలోనికి రావు. తపాలా బిళ్లల మీద అచ్చుపడిన యా మనుష్యుడే జీవితమంతయు తపాలా బిళ్లలను ఏరి కూర్చినవాడు. వానిని ఏ రీతిగా పుటలపై నిలుపవలెనని ఆయన నిర్ణయించుకొనెనో దానిని చెప్పుటయే మా యుద్దేశము. మా పాఠశాలలో స్టాంపులు కూర్చు బాలబాలికలు పెక్కుమంది గలరు. వారి ఆల్బములను చూచినప్పుడెల్ల మాకీ రాజుగారు జ్ఞప్తికి వచ్చుచుందురు.

ఆయన 1865 జూన్ 3న లండను నగరమున జన్మించెను. విక్టోరియా రాణికి మనుమడు. తరువాత ఏడవ ఎడ్వర్డు అయిన యువరాజునకు రెండవ కుమారుడు. అన్నగారు ఉండుటచే సింహాసనము తనదగునని యెవరును తలంపలేదు. అందుచేత 1877లో, పండ్రెండేండ్ల ప్రాయమున, ఆయనను నౌకాశిక్షణకు పంపిరి. 1879 మొదలు 1882 వఱకు బకాంటే యను ఓడ మీద అన్నతో గూడ లోకము చుట్టి వచ్చెను. పినతండ్రియైన ఆల్ఫ్రెడు ప్రభువు కూడ నావికుడే. పైగా స్టాంపుల యందు మక్కువ గలవాడు. ఆయన కూర్చిన స్టాంపులను అన్నగారైన ఎడ్వర్డు కొని తన కుమారునకిచ్చెను. కుటుంబమున నొకరి వ్యసనము మఱియొకరికి సంక్రమించుట వింత గాదు. ఇది మంచి వ్యసనము.

1892 జనవరిలో అన్న చనిపోగా జార్జి రాజ్యమునకు వారసుల వరుసలో నిలిచెను. మరుసటి సంవత్సరము వివాహమాడినపుడు లండను ఫిలాటెలిక్ సంఘమువారు కానుకగా నొక ఆల్బము నిచ్చిరి. అందు దాదాపు 1,500 స్టాంపులుండెను. వెండిబంగారములు రాశులుగా వచ్చిన పెండ్లిలో పెండ్లికుమారుని మనసెరిగి యిచ్చిన కానుక యిదియే యని మాకు తోచును. 1896లో ఆ సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. పేరునకు మాత్రమే కాదు, సభలకు వచ్చి 1904లో తన తండ్రి కాలపు బ్రిటిషు స్టాంపులను గూర్చి వ్యాసము కూడ చదివెను.

ఇక స్టాంపులను అంటించు రీతిని గూర్చి కొంత చెప్పక తప్పదు. మొట్టమొదటి తపాలా బిళ్ల, నల్లని పెన్నీ, 1840 మే 6న ఇంగ్లాండున వాడుకలోనికి వచ్చెను. తొలినాళ్ల సేకర్తలు స్టాంపు వెనుక జిగురు నిండుగ పూసి పుస్తకమునకు అతికించుచుండిరి. 1862లో పారిసున లాలియే యనునాయన యచ్చు ఆల్బమును వెలువరించెను. ప్రతి స్టాంపునకు నొక చదరపు గడి గీచియుండిన యిట్టి ఆల్బములు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. గడి చిన్నదై స్టాంపు పెద్దదైనచో అంచులు కత్తిరించి యిముడ్చుట యప్పటి పిల్లల యలవాటు. అట్లు కత్తెర పాలైన స్టాంపులు ఎన్నో! పుస్తకమునకు సరిపడునట్లు స్టాంపును కోయుట కాలికి తగినట్లు చెప్పు చేయక చెప్పునకు తగినట్లు కాలు కోయుటయే.

తరువాత హింజి వచ్చినది. అది ఒక వైపున మాత్రము జిగురు పూసిన పలుచని చిన్న కాగితపు పట్టీ. జిగురు వెలుపలికి వచ్చునట్లు దానిని మడతపెట్టి, పొట్టి భాగమును కొద్దిగ తడిచేసి స్టాంపు వెనుక, పైయంచు పండ్లకు కొంచెము దిగువగా అంటింపవలెను. పొడుగు భాగమును పుటకు అంటింపవలెను. అప్పుడు స్టాంపు తలుపువలె పైకి లేచును. వెనుకనున్న నీటిగుర్తును చూడవచ్చును. ఆరిన పిమ్మట హింజి మెల్లగా ఊడివచ్చును. తడి యారక మునుపు లాగినచో స్టాంపు చర్మము కూడ దానితో లేచివచ్చును.

ఈ సంగతి మేము పుస్తకములలో చదివి నేర్చుకొన్నది కాదు. మాకు పదకొండేండ్ల వయసున మా తాతగారు నిజాము రాజ్యపు పాత అర్ధణా స్టాంపు నొకటి యిచ్చిరి. 1871 మొదలు వెలువడిన యా వరుసలోని స్టాంపుల మీద పారసీ, ఆంగ్ల, మరాఠీ లిపులతో పాటు మన తెలుగు అక్షరములు కూడ నుండును. తెలుగు లిపి తపాలా బిళ్ల కెక్కినదని తాతగారు మురియుచు చూపిరి. మేమో, మైదాపిండి ఉడికించిన జిగురును దట్టముగ పూసి నోటుపుస్తకమునకు అతికించితిమి. వానకాలము వచ్చెను. పుటలు రెండును ఒకదానికొకటి అంటుకొనెను. విడదీయబోగా స్టాంపు నడిమికి చీలి, తెలుగక్షరములున్న భాగము ఎదుటి పుటకు పోయెను. తాతగారు ఏమియు ననలేదు. తిట్టియున్నచో బాగుండెడిది.

రాజుగారి కథకు వత్తము. ఆయన మొదట చేసిన నిర్ణయము, లోకములోని స్టాంపులన్నియు కాక బ్రిటను, దాని సామ్రాజ్యమునకు చెందిన దేశముల స్టాంపులు మాత్రమే కూర్చుట. 1908లో తన సలహాదారుడైన టిల్లర్డునకు వ్రాసిన లేఖలో, ఇంగ్లాండులోని మేలైన సేకరణలలో నొకటి తనకు చాలదనియు, అన్నిటికంటె మేలైనదే కావలెననియు తెలిపెను. రెండవ నిర్ణయము మొదటిదానినుండి పుట్టినదే. ఆయన స్టాంపులను మాత్రమే గాక చిత్రకారుల నమూనాలను, అచ్చుదిమ్మెల పరీక్షాప్రతులను, ఆమోదము పొందక మూలబడిన రూపములను కూడ కూర్చుచుండెను. ఎన్నడును వెలువడని స్టాంపునకు ఏ అచ్చు ఆల్బములో గడి యుండును? కావున గడులు లేని పుటలే శరణ్యము. వస్తువునుబట్టి పుట యమరెను. దాని క్రింద వివరము వ్రాయబడెను. పుటలు విడివిడిగ తీయదగినవై ఎఱ్ఱని ఆల్బములలో చేరెను. ప్రదర్శనములకు కావలసిన పుటలను మాత్రము తీసి పంపుటకు అందుచేతనే వీలయ్యెను.

1904 జనవరిలో జరిగిన వేలముపాట జగత్ప్రసిద్ధము. మారిషసు ద్వీపమున 1847లో అచ్చొత్తిన నీలపు రెండు పెన్నీల స్టాంపు అమ్మకమునకు వచ్చెను. ఆ నీలపువి 500 మాత్రమే తొలుత అచ్చువేసిరి. ఇది వాడనిది. ఒకాయన బాల్యమున కూర్చిన పాత ఆల్బములో ఏండ్ల తరబడి మఱుగుపడి, మరల కంటబడినది. జార్జి యువరాజు దానిని 1,450 పౌనులకు కొనెను. ఒక్క స్టాంపునకు అంతటి వెల అంతకుముందు లేదు. కొలువులోని యొకడు, ఎవడో మూర్ఖుడు స్టాంపునకింత సొమ్ము పోసెనట, విన్నారా యని అడుగగా, ఆ మూర్ఖుడను నేనేయని యువరాజు ఒప్పుకొనెనని చెప్పుదురు. ఆ సొమ్ముతో ఎందరి కడుపులు నిండెడివో యని మాకును అనిపించును, దాచుట యేల? అయినను మా కన్ను నిలుచునది వెల మీద కాదు. పేరులేని బాలుని ఆల్బమే దానిని అన్నియేండ్లు కాపాడినది.

1910 మే మాసపు సంగతి యింతకంటె మాకిష్టము. ఏడవ ఎడ్వర్డు కాలమున ఊదారంగు రెండు పెన్నీల క్రొత్త స్టాంపును సుమారు 2 కోట్ల 40 లక్షలు అచ్చువేసి సిద్ధపఱచిరి. వెలువడక మునుపే, మే 6న, రాజు చనిపోయెను. కొలదిపాటి ప్రతులు తప్ప తక్కినవన్నియు నాశనము చేయబడెను. అయితే మే 5న ఆ స్టాంపు నంటించిన యొక కవరు తపాలాలో జార్జి యువరాజు పేర పంపబడియుండెను. తపాలాముద్ర పడి యుత్తరము మీద ప్రయాణము చేసినదిగా తెలిసిన యా రకపు స్టాంపు అదొక్కటే. నీళ్లలో నానబెట్టి స్టాంపును ఊడదీసియున్నచో ఏమి మిగులును? రంగు కాగితము మిగులును. చిరునామా, తేదీ, తండ్రి బ్రతికియున్న కడపటి దినములలో కుమారునకు చేరిన యుత్తరమను సాక్ష్యము పోవును. ఆయన కవరునంతటిని ఉన్నదున్నట్లు ఉంచెను. మా విద్యార్థులు దొరకిన ప్రతి కవరును నీటి పళ్లెములో వేయక ముందు ముద్రను ఒకమారు చదువుదురు గాక.

రాజైన పిదప టిల్లర్డు ఆస్థాన ఫిలాటెలిస్టు అయ్యెను. 1913లో ఆయన మరణింపగా ఆ పని ఎడ్వర్డ్ డెన్నీ బేకనునకు వచ్చెను. బేకను సామాన్యుడు కాడు. 1891లో ముప్పదియైదేండ్లకే చనిపోయిన టాప్లింగు అను పార్లమెంటు సభ్యుడు తన విస్తారమైన సేకరణను బ్రిటిషు మ్యూజియమునకు వ్రాసియిచ్చినపుడు, దానిని వరుసపెట్టి పుటలకెక్కించినవాడు ఈయనయే. ఆ పనికి ఏండ్లు పట్టినవి. అట్టి చేతులు ఎఱ్ఱ ఆల్బములకు దొరకినవి. లండనులో నున్నపుడు రాజుగారు వారమునకు మూడు మధ్యాహ్నములు స్టాంపులతోనే గడపుచుండెనని చెప్పుదురు. యుద్ధము వచ్చెను, పోయెను. 1928లో తీవ్రమైన జబ్బు చేసెను. ఆల్బముల వరుస మాత్రము పెరుగుచునే యుండెను.

ఆ కాలమున వాడని స్టాంపునకును హింజి అంటించుట తప్పు కాదు. ఇప్పటివారు వెనుక జిగురు చెదరని స్టాంపునకే ఎక్కువ వెల కట్టుదురు. అందుకు ముందువైపు పారదర్శకమైన చిన్న సంచులు దొరకును. వానిలో స్టాంపును దూర్చి, సంచిని పుటకు అంటించిన చాలును. అవి ఖరీదు. వాడిన స్టాంపులకు హింజియే చాలునని మా అభిప్రాయము. సెలోటేపు మాత్రము వలదు. అది పసుపు మరక చేయును, ఆ మరక పోదు. వానకాలమున ఆల్బమును పడుకోబెట్టక నిలువుగ పెట్టవలెను, పుటలు ఒత్తుకొనవు.

ఐదవ జార్జి 1936 జనవరి 20న సాండ్రింగ్‌హామున మరణించెను. బేకను 1938లో పోయెను. రాజు కూర్చినవి 328 ఎఱ్ఱ ఆల్బములైనవి. కుమారుడైన ఆరవ జార్జి తన కాలపు స్టాంపులకు నీలి ఆల్బములను, మనుమరాలైన ఎలిజబెత్తు రాణి ఆకుపచ్చ ఆల్బములను చేర్చిరి గాని, ఎఱ్ఱవానిని కలిపివేయలేదు. మారిషసు నీలపు స్టాంపు వానిలోనే యున్నది. 1910 మే నాటి యా కవరు నేటికిని కవరుగానే యున్నది.