కోటిలింగాల పైస మన జిల్లాకెప్పుడొస్తది? గులాం యజ్దానీ బతుకు జెప్పే సంగతి

కోటిలింగాల కాడ గోదారి ఒడ్డున మన్ను దీస్తే శాతవాహనుల పైసలు బయటవడ్డయి. ధూళికట్టల బౌద్ధ స్తూపం దొర్కింది. పెద్దబంకూరుల ఇటుకల బాయిలు, వేలకొద్ది నాణేలు దొర్కినయి. ప్రాణహిత దిక్కు యామనపల్లి కాడనైతే ఏకంగ రాక్షసబల్లి బొక్కలే దొర్కినయి. దాని పేరుల కూడా మన ఊరే ఉన్నది, కోటాసారస్ యామనపల్లియెన్సిస్. మరి ఆ బొక్కల గూడు యాడున్నది? హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల. కోటిలింగాల పైసలు? ఎక్కువ మటుకు అవ్వి గూడ పట్నం దిక్కే వోయినయి. మన భూమిల దొర్కిన సొమ్మును చూడాలంటే మన పోరగాడు బస్సు కిరాయి వెట్టుకోని పట్నం వోవాలె.

ఇదంత ఎవరి తప్పు అని అడుగుడు అల్కగనే ఉంటది. గని ఈ పద్ధతి ఎట్ల మొదలైందో ముందుగాల ఎరుకైతే, ఏమడగాలెనో గూడ ఎరుకైతది. దానికి ఒక మనిషి బతుకు తెల్సుకోవాలె. ఆయన పేరు గులాం యజ్దానీ.

యజ్దానీ మన దిక్కు మనిషి కాదు. 1885ల ఢిల్లీల పుట్టిండు. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీల సదివిండు. అరబ్బీ, ఫారసీల దిట్ట. కొన్నేండ్లు కాలేజీల పాఠాలు జెప్పిండు. 1914ల నిజాం సర్కారు పురావస్తు శాఖ వెట్టింది. సర్కార్ల పెద్ద ఆఫీసరుగ ఉన్న అక్బర్ హైదరీ దీని ఎన్క ఉన్నడు. ఆ శాఖకు మొదటి డైరెక్టర్ యజ్దానీ. అప్పటికి ఆయనకు ముప్పై ఏండ్లు గూడ నిండలె.

ఆయన చేతికొచ్చిన రాజ్యం చిన్నది గాదు. 82 వేల చదరపు మైళ్లకు పైన. అటు అజంత, ఎల్లోరా, ఇటు బీదర్, గుల్బర్గా, నడుమ ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ అన్ని మాట్లాడే జాగ. యాడ జూసినా పడిపోయిన గుడి, పగిలిన కోట, చెట్లు మొల్చిన మజీదు. ఇసొంటి దాంట్ల ఏది కాపాడాలె, ఏది ఇడిసిపెట్టాలె, ఎంత ఖర్చు పెట్టాలె, ఇవన్నీ లెక్క గట్టుడే ఆయన నౌకరి. 29 ఏండ్లు అదే పని జేసిండు.

మన రామప్ప గుడి కథల గూడ ఆయన ఉన్నడు. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిన్నాడు మనమంత స్టేటస్‌లు వెట్టుకున్నం. గని 1922లనే పాలంపేట గుళ్ల మీద యజ్దానీ ఒక పుస్తకం రాసిండు. భారత పురావస్తు శాఖ దాన్ని అచ్చేసింది. గుడి కొలతలు, స్తంభాలు, బొమ్మలు అన్ని కాయితం మీదికొచ్చినయి. తొంబై తొమ్మిదేండ్ల తర్వాత ప్రపంచం మెచ్చుకున్న గుడిని, అప్పుడే లెక్కల రాసి పెట్టిన్రు. రాసి పెట్టుడు ఎంత పెద్ద పనో ఇక్కడ తెలుస్తది.

అజంతల ఆయన జేయించిన పనిల మంచి, చెడు రెండూ ఉన్నయి. గుహల గోడల మీది బొమ్మలు పెచ్చులు పెచ్చులు ఊడిపోతున్నయని 1920ల ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సిని అనే ఇద్దరు నిపుణులను పిలిపిచ్చిన్రు. వాళ్లు ఊడే రంగును గోడకు అతికిచ్చిన్రు. చానా బొమ్మలు నిలవడ్డయి. గని మీద పూసిన లక్క వార్నిష్ యేండ్లు గడిసినాక పసుపు వట్టి నల్లవడ్డది. దాన్ని తీసుటానికి తర్వాతి తరాలోళ్లు మస్తు తిప్పలు వడ్డరు. పాత సొమ్ము మీద చెయ్యి వెట్టేటోడు ఎంత హుషారుగ ఉండాలెనో చెప్పుటానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అదే అజంత నుంచి ఆయన ఇంకో తొవ్వ గూడ చూపెట్టిండు. గుహను లేపి పట్నానికి తేలేం. అందుకని చిత్రకారులతోని బొమ్మలకు నకళ్లు గీయించిన్రు. సయ్యద్ అహ్మద్ అసొంటోళ్లు గీసిన ఆ నకళ్లు హైదరాబాద్ మ్యూజియంకు చేరినయి. రంగుల ఫోటోలతోని యజ్దానీ రాసిన అజంత పుస్తకాలు నాలుగు భాగాలుగ వచ్చినయి. మొదటిది 1930ల, ఆఖరుది 1955ల. అసలు కదలకుండ నకలు ఊర్లు తిరిగింది.

ఇగ మ్యూజియం సంగతి. 1930ల హైదరాబాద్ బాగె ఆంల, అంటే ఇయ్యాల్టి పబ్లిక్ గార్డెన్స్‌ల, రాజ్యానికి ఒక మ్యూజియం వెట్టిన్రు. అంతకుముందు ప్రదర్శన కోసం కట్టిన బిల్డింగ్‌నే దానికిచ్చిన్రు. శిల్పాలు, శాసనాలు, నాణేలు, ఆయుధాలు, చేతిరాత పుస్తకాలు అన్ని జమజేసిన్రు. ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ గూడ అక్కడికే చేరింది. ఇయ్యాల మన రాష్ట్ర పురావస్తు మ్యూజియం అంటే అదే.

మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు అనుకుంటం. అసలు పాణం రిజిస్టర్ల ఉంటది. మన ఊర్లల్ల పెండ్లికి గంజులు, బగోనెలు అడిగి తెచ్చుకుంటరు. అందుకే గిన్నెల మీద పేరు కొట్టిస్తరు. ఎవరింటిది ఎవరింటికి వోయినా పేరు జూసి వాపస్ ఇస్తరు. మ్యూజియం రిజిస్టర్ గూడ అసొంటిదే. వస్తువుకొక నంబర్, యాడ దొర్కింది, ఎప్పుడు వచ్చింది, ఎంత పొడుగు, ఎంత బరువు, యాడ పగులున్నది, అన్ని రాస్తరు. ఆ నంబర్ లేని పైస పొయ్యిందో, మారిందో ఎవ్వరు జెప్పలేరు. ఊరి పేరు రాయని శిల్పం అనాథ శిల్పమే.

యజ్దానీ అన్నిటిని పట్నానికే మోయించిండని అనుకుంటే గూడ తప్పే. మెదక్ దిక్కు, ఇప్పటి సంగారెడ్డి జిల్లాల కొండాపూర్ ఉన్నది. 1940ల ఆయన శాఖ అక్కడ తవ్వకాలు జేసింది. శాతవాహనుల కాలం ఊరు బయటవడ్డది. నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు దొర్కినయి. వాటికోసం ఆ దిబ్బ కాడ్నే మ్యూజియం వచ్చింది. ఇప్పుడు గూడ ఉన్నది, కేంద్ర పురావస్తు శాఖ చేతుల. అంటే దొర్కిన జాగలనే పెట్టి చూపియ్యచ్చని ఎనబై ఏండ్ల కిందనే ఈ నేల మీద ఒక నమూనా ఉన్నది. కోటిలింగాలకు, ధూళికట్టకు అదే మర్యాద ఎందుకు దక్కొద్దు?

ఇంకో సంగతి దాచొద్దు. కొండాపూర్ల తవ్వకాలు మొదలైన 1940లనే ఆసిఫాబాద్ అడవిల జోడేఘాట్ కాడ కొమురం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపిన్రు. సర్కారు ఒక చేత్తోని రెండు వేల ఏండ్ల కిందటి మన్నును కుంచెతోని తుడిసింది. ఇంకో చేత్తోని ఆ మన్ను మీద బతికే గోండు రైతు మీద తుపాకి వట్టింది. యజ్దానీ ఆ కాల్పులకు బాధ్యుడు కాదు, ఆయనది వేరే శాఖ. గని రాజుల పైసలకు, రాజుల కోటలకు దొర్కిన జాగ ఆదివాసి బతుకుకు దొర్కలె. మ్యూజియంల ఏది పెట్టాలెనో నిర్ణయించేటోడే చరిత్ర ఎవరిదో గూడ నిర్ణయిస్తడు. జోడేఘాట్ల మ్యూజియం కట్టింది మన రాష్ట్రం వచ్చినాకనే.

1943ల యజ్దానీ రిటైరయిండు. పని మాత్రం బంద్ వెట్టలె. 1947ల బీదర్ కోట మీద పెద్ద పుస్తకం తెచ్చిండు. 1960ల దక్కన్ తొలి చరిత్ర పుస్తకానికి సంపాదకుడుగ ఉన్నడు. నిజాం రాజ్యం వోయింది, రాష్ట్రాలు ముక్కలైనయి, అజంత మహారాష్ట్రకు, బీదర్ కర్ణాటకకు వోయినయి. ఆయన పుస్తకాలు, ఆయన వెట్టిన మ్యూజియం నిలవడ్డయి. 1959ల పద్మభూషణ్ ఇచ్చిన్రు. 1962ల కన్నుమూసిండు.

ఆయన రిటైరయిన నాలుగేండ్లకు దేశంల ఒక పెద్ద ముచ్చట జరిగింది. 1947-48ల లండన్ల భారత కళల ప్రదర్శన వెట్టిన్రు. దేశంల ఉన్న మ్యూజియాలు తమ మంచి మంచి శిల్పాలను ఎరువిచ్చినయి. వాపస్ వచ్చినంక ఢిల్లీల మల్ల ప్రదర్శన వెట్టిన్రు. ఇన్ని మంచి వస్తువులు ఒక్క జాగల ఉన్నయి గదా అని అక్కడ్నే 1949 ఆగస్టు 15న నేషనల్ మ్యూజియం మొదలువెట్టిన్రు. ఎరువు వోయిన గంజు అటే ఉండిపోతే ఎట్లుంటది? దేశానికి మంచి మ్యూజియం దక్కింది, నిజమే. గని ఎరువు ఇచ్చేటప్పుడు వాపస్ తారీఖు కాయితం మీద ఉండాలెనని గూడ ఆ కథ చెప్తది.

ఇయ్యాల మ్యూజియాలు ఎరువు ఇచ్చుకునుటానికి పక్కా పద్ధతి ఉన్నది. వస్తువు కదిలే ముందు ఫోటోలు దీస్తరు. యాడ గీత ఉన్నది, యాడ పెచ్చు లేసింది రాస్తరు. బీమా జేస్తరు. దానికి తగ్గ పెట్టె జేయించి, ఎంట మనిషిని పంపుతరు. వోయిన కాడ వెలుగు ఎంతుండాలె, తేమ ఎంతుండాలె, కాపలా ఎట్లుండాలె, అన్ని ఒప్పందంల ఉంటయి. దేశం దాటాలంటే కేంద్రం పర్మిషన్ గావాలె. వాపస్ వచ్చినంక మల్ల పాత ఫోటోలతోని సరి చూస్తరు.

ఈ పద్ధతి మన సర్కారుకు కొత్తేం గాదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిల దొర్కిన బౌద్ధ శిల్పాలు 2023ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాక వోయినయి. ఫణిగిరి రాయి సముద్రాలు దాటి అమెరికా వోయిందంటే, కోటిలింగాల పైస రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాక రాలేదా? కరీంనగర్ల గాంధీ శతజయంతి పేరు మీద వెట్టిన మ్యూజియం ఉన్నది. జోడేఘాట్ల మ్యూజియం ఉన్నది. జాగ లేదనే మాట చెల్లదు.

జిల్లాల భద్రత ఉండదని కొందరంటరు. ఆ మాటను కొట్టి పారెయ్యద్దు. తాళం, కెమెరా, కాపలా లేని కాడికి రెండు వేల ఏండ్ల పైసను పంపుడు పాపమే. గని పట్నంల ఉంటే దొంగతనం కాదన్న గ్యారంటీ గూడ లేదు. 2018ల హైదరాబాద్ పురానీ హవేలీల నిజాం మ్యూజియం నుంచే బంగారు టిఫిన్ డబ్బా ఎత్కపోయిన్రు. పోలీసులు పట్టుకోని తెచ్చిన్రు గని, పోయింది మాత్రం రాజధాని నడిబొడ్డు నుంచే. అందుకే భద్రత లేదని ఆపుడు కాదు, భద్రత కట్టి పంపుడు సర్కారు పని.

మరి మనమేం అడగాలె? మొదటిది, లెక్క. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాలల్ల దొర్కిన వస్తువులు ఎన్ని, యాడున్నయి, ఏ నంబర్ మీద ఉన్నయి, ఫోటోతో సహా ఆన్‌లైన్ల పెట్టాలె. రెండోది, ఎరువు. వాపస్ తారీఖు రాసి, బీమా జేసి, కొన్ని అసలు వస్తువులను వంతులవారీగ జిల్లాలకు పంపాలె. మూడోది, నకళ్లు. అసలు కదల్చలేని వాటికి అచ్చుపోసి బళ్లకు ఇయ్యాలె. అజంతకు చేతితోని గీయించిన్రు, ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు ఉన్నయి. గంగాధర దిక్కు బొమ్మలగుట్ట మీది కురిక్యాల శాసనం రాతి గుట్టకే చెక్కి ఉన్నది, దాన్ని ఎవ్వరు లేపలేరు. దాని నకలు మాత్రం ప్రతి హైస్కూల్ల ఉండచ్చు. తెలుగు కంద పద్యం వెయ్యేండ్ల కిందనే మన గుట్ట మీద రాసిన్రని పిలగాండ్లు చేతితోని తడిమి చూస్తరు.

సర్కారు జేసేదాక మనం కూసోవద్దు. సమాచార హక్కు చట్టం ఉన్నది. మీ మండలంల దొర్కిన పురావస్తువుల జాబితా అడిగితే 30 రోజులల్ల జవాబియ్యాలె. ఊరి పేరు, తవ్విన యేడు రాసి అడుగుర్రి. పొలం దున్నేటప్పుడు పాత పైసలు, బొమ్మలు దొర్కితే కంసలాయనకు అమ్మద్దు, కలెక్టర్ ఆఫీసుకు జెప్పుర్రి. దొర్కిన జాగ ఫోటో దీసి పెట్టుర్రి. కోటిలింగాల చరిత్ర బయటవడ్డది గూడ అట్లనే. ఊరోళ్లకు దొర్కిన పైసలను ఠాకూర్ రాజారాంసింగ్ జమజేస్తే, పరబ్రహ్మశాస్త్రి చదివితే, తర్వాత సర్కారు తవ్వకాలకు దిగింది.

యజ్దానీ మన ఊర్ల పుట్టలె, మన యాస మాట్లాడలె. గని ఒక రాజ్యం సొమ్మును లెక్కల రాసి, ఒక కప్పు కిందికి తెచ్చి, జనం చూసుటానికి తలుపు తెరిసిండు. అది సగం పని. ఆ తలుపు నుంచి సొమ్ము పుట్టిన ఊరి దాక తొవ్వ ఏసుడు మిగిలిన సగం. ఆ సగం ఇప్పుడు మన మీద ఉన్నది.