రేచర్ల రుద్రసేనాని

ఓరుగంటికి ఈశాన్యముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున పాలంపేట యను గ్రామము కలదు. అచ్చటి రామప్పగుడిని చూడబోవువారు శిల్పములను కొనియాడి మరలిపోవుదురు గాని, చేరువనున్న చెరువును గూర్చి తలచువారు కొలదిమందియే. ఈ రెంటితోడను పేరు పెనవేసికొన్న రేచర్ల రుద్రుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిమి. రసాయనపు టెరువులు లేని సేంద్రియ సేద్యమునకు ఏ పరిశోధన ముందు, ఏది వెనుక యని తర్కించు ఈ కాలమున, ఆతని జీవితము మనకు కొంత దారి చూపగలదని మా నమ్మకము.

రేచర్లవారు పలు తరములుగా కాకతీయులకు సేనానులై కొలిచిన వంశమువారు. 1198 ప్రాంతమున మహాదేవరాజు దేవగిరి యాదవులతో పోరి మృతినొందెను. ఆతని కుమారుడు గణపతిదేవుడు శత్రువుల చెరలో చిక్కెను. రాజు లేని రాజ్యమున సామంతులు తిరుగబడిరి. అట్టి యెడ రుద్రుడు రాజ్యమును తనదిగా చేసికొన జూడక, తిరుగుబాటుల నణచి, 1199లో గణపతిదేవుడు విడుదలై వచ్చువరకు దానిని కాపాడి అప్పగించెను. కాకతీయ రాజ్యభార ధౌరేయుడను బిరుద మాతనికి ఇందువలననే తగియున్నది.

నాడు శాంతి నెలకొన్న పిమ్మట, 1213వ సంవత్సరమున రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. ఆ సంగతి అచ్చటి సంస్కృత శాసనమువలన తెలియుచున్నది. 2021లో ఆ యాలయము ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపబడెను.

చెరువును గూడ ఆతడే కట్టించెనని ప్రసిద్ధి. సప్తసంతానములలో చెరువు నొకటిగా నెంచిన కాలమది. గుట్టల నడుమ కట్టవేసి, వాననీటిని నిలిపి, తూముల ద్వారా పొలములకు వదలిరి. మిగులునీరు మత్తడిమీదుగా పోవును. గుట్టలనుండి నీటితోపాటు ఆకు, పెంట, మెత్తని మన్ను కొట్టుకొని వచ్చి చెరువు అడుగున పేరుకొనును. వేసవిలో నీరు తగ్గినప్పుడు తెలంగాణ రైతులు ఆ యొండుమట్టిని బండ్లతో తోలి చల్కనేలలపై చల్లుట పూర్వాచారము. దీనివలన చెరువు లోతగును, చేను బలియును. ఎరువు బస్తాలు, బోరుబావులు వచ్చిన పిదప ఈ యలవాటు సన్నగిల్లెను, చెరువులు పూడెను. 2015లో మిషన్ కాకతీయ పేరిట పూడికను తీసి, ఆ మట్టిని మరల పొలములకు చేర్చు పని ప్రారంభమయ్యెను.

ఇంగ్లండునుండి వచ్చిన ఆల్బర్టు హోవర్డను శాస్త్రజ్ఞుడు 1924 మొదలు ఇండోరులో చెత్తను, పేడను, మట్టిని కలిపి కంపోస్టు చేయు పద్ధతిని రూపొందించి 1931లో గ్రంథముగా ప్రకటించెను. పరిశోధకుడు రైతునొద్ద నేర్చుకొని, తన పొలమున స్వయముగా పరీక్షించిన పిమ్మటనే ఇతరులకు చెప్పవలెనని యాతని మతము.

ఆ మతము ననుసరించినచో మన పరిశోధనల వరుస సులభముగా తేలును. మొదటిది చేతనున్నదానిని తెలిసికొనుట: ఏ చెరువు మట్టి ఏ నేలకు సరిపడును, ఎకరమునకెన్ని బండ్లు వేయవలెను, దాని సారమెన్ని యేండ్లు నిలుచును? ఉప్పుగల మట్టి చేటు చేయును గావున ఈ పరీక్ష తప్పనిసరి. రెండవది, బస్తా యెరువు లేకయే పండు విత్తనమును వెదకుట. మూడవది మిక్కిలి కష్టమైనది. రసాయనములు మానిన తొలి యేండ్లలో దిగుబడి తగ్గవచ్చును. కౌలు చెల్లింపవలసిన పేదరైతు ఆ నష్టమును భరింపజాలడు. దానిని తగ్గించు మార్గమును కనుగొననిదే తక్కిన బోధలన్నియు వ్యర్థములు. దూరదేశపు అంగళ్లకు పంపు పంటల విచారణ వీని పిమ్మట రాదగినది.

రుద్రుడు తనది కాని రాజ్యమును కాపాడి, దాని హక్కుదారునకు అప్పగించెను. మన చేతనున్న నేలయు అట్టిదే. అది మన తరువాత వచ్చువారి సొత్తు. దానిని సారము చెడకుండ వారికి అప్పగించుటయే ఈ సేనాని చరిత్రమునుండి మనము గ్రహింపదగిన నీతి.