కొవ్వొత్తిని ఆర్పిన వాయువు

ప్రతి ఫ్రిజ్ గొట్టాల్లోనూ ఒక వాయువు తిరుగుతుంటుంది. అది బయటికి వస్తే మనకేమవుతుంది? నిప్పు అంటుకుంటుందా? పీలిస్తే ప్రమాదమా? దాదాపు వందేళ్ల కిందట ఈ ప్రశ్నలకు జవాబు వెతికిన మనిషి థామస్ మిడ్జ్‌లీ. ఆయన ఎంచిన వాయువు ఇళ్లలో ప్రాణభయాన్ని పోగొట్టింది. అదే వాయువు పైకెళ్లి, ఎండ నుంచి మనల్ని కాచే ఓజోన్ పొరను తినేసింది. మేలు కోరి చేసిన పని కీడెలా అయ్యిందో ఆయన జీవితం చెబుతుంది.

యంత్రాల మధ్య పెరిగినవాడు

మిడ్జ్‌లీ 1889 మే 18న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది పక్కనే ఉన్న ఒహాయోలో. తండ్రికీ, తాతకూ కొత్త వస్తువులు కనిపెట్టడమే పని. దాంతో చిన్నప్పటి నుంచే ఆయనకు పనిముట్లతో చెలిమి కుదిరింది. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నారు. రసాయనశాస్త్రం మాత్రం తనంతట తానే నేర్చుకున్నారు. 1916లో డేటన్ పట్టణంలో చార్లెస్ కెటెరింగ్ దగ్గర ఉద్యోగంలో చేరారు. కారుకు మీట తిప్పే బాధ తప్పించి ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను తెచ్చింది ఈ కెటెరింగే. తర్వాత ఆ పరిశోధనశాల జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది.

మొదటి విజయం సీసంతో

ఆ రోజుల్లో కారు ఇంజిన్లు టకటకమని కొట్టుకునేవి. శక్తి వృథా అయ్యేది, ఇంజిన్ త్వరగా పాడయ్యేది. వేలాది పదార్థాలు పరీక్షించాక 1921 డిసెంబరులో మిడ్జ్‌లీకి మందు దొరికింది. అదే టెట్రాఇథైల్ లెడ్. పెట్రోలులో కొద్దిగా కలిపితే చాలు, శబ్దం మాయం. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి.

అయితే దాని పేరులోనే సీసం ఉంది. సీసం విషమన్నది అప్పటికే వైద్యులందరికీ తెలుసు. స్వయంగా మిడ్జ్‌లీకే ఆ విషం ఎక్కి, 1923లో కొన్ని వారాలు పని మాని విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని తయారీ కేంద్రంలో ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. ముప్పైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. జనం భయపడకుండా ఉండాలని మిడ్జ్‌లీ విలేకరుల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, నిమిషం పాటు ఆవిరి పీల్చి చూపించారు. నిమిషంలో ఏమీ కాలేదు. కానీ సీసం ఒక్క నిమిషంలో పనిచేసే విషం కాదు. కొంచెం కొంచెంగా ఎముకల్లో చేరుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ ప్రదర్శనలో బయటపడనిది ఇదే.

ఫ్రిజ్ అంటే భయపడ్డ రోజులు

ఇంజక్షన్‌కు ముందు నర్సు స్పిరిట్ దూదితో రుద్దితే అక్కడ చల్లగా అనిపిస్తుంది. స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని తీసుకుపోతుంది కాబట్టి. ఫ్రిజ్‌లోనూ జరిగేది ఇదే. లోపల ద్రవం మరిగి ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటికి నెడుతుంది. వెనకున్న గొట్టాల్లో వేడి వదిలి అది మళ్లీ ద్రవమవుతుంది. కాబట్టి తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరిగే పదార్థం కావాలి.

1920ల్లో ఇందుకు అమ్మోనియా, సల్ఫర్ డైఆక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మొదటి రెండూ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండించేవి. కానీ ఘాటు వాసన వల్ల లీకైన విషయం తెలిసిపోయేది. మిథైల్ క్లోరైడ్‌కు వాసన చాలా తక్కువ. రాత్రి నిద్రలో లీకైతే మనుషులకు తెలిసేది కాదు. చికాగోలో 1928, 1929 సంవత్సరాల్లో ఫ్రిజ్‌ల నుంచి వచ్చిన ఈ వాయువుతో పలువురు చనిపోయారు. కొందరు ఫ్రిజ్‌ను పెరట్లో ఉంచేవారు. బెర్లిన్‌లో ఇలాగే ఒక కుటుంబం ప్రాణాలు పోయాయని తెలిసి, ఐన్‌స్టీన్ కూడా లియో జిలార్డ్‌తో కలిసి లీకేజీకి తావులేని ఫ్రిజ్ నమూనాలు తయారుచేశారు.

మూడు రోజుల్లో జవాబు

1928లో కెటెరింగ్ ఈ సమస్యను మిడ్జ్‌లీకి అప్పగించారు. వాయువు విషం కాకూడదు, మంట అంటుకోకూడదు, సరైన చలిలో మరగాలి. సహచరులు ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీలతో కలిసి ఆయన మూలకాల పట్టిక ముందేసుకుని కూర్చున్నారు. పట్టికలో కుడివైపు వెళ్లేకొద్దీ మండే గుణం తగ్గుతోంది. పైకి వెళ్లేకొద్దీ విషగుణం తగ్గుతోంది. రెండు దారులూ కలిసేది ఫ్లోరిన్ దగ్గర. ఫ్లోరిన్ స్వయంగా భయంకరమైన వాయువే. కానీ కార్బన్‌తో గట్టిగా ముడిపడితే ఎవరి జోలికీ పోదని వారు అంచనా వేశారు. మూడు రోజుల్లోనే డైక్లోరోడైఫ్లోరోమీథేన్ అనే వాయువు తయారైంది. తర్వాత దీన్నే ఫ్రియాన్-12, ఆర్-12 అన్నారు. మైనస్ 30 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

ఇందులో అదృష్టం పాలు కూడా ఉంది. తయారీకి కావలసిన ముడి రసాయనం ఐదు చిన్న సీసాల్లో దొరికింది. చేతికందిన ఒక సీసా వాడి, వచ్చిన వాయువును గినీ పందికి పట్టించారు. అది హాయిగా బతికింది. రెండో సీసాతో చేసినప్పుడు మాత్రం చనిపోయింది. ఆరా తీస్తే ఆ సీసాలోని మలినం వల్ల ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టిందని తేలింది. ఐదింటిలో నాలుగు సీసాలు అలాంటివే. మొదట చేతికి చెడ్డ సీసా వచ్చి ఉంటే బహుశా ఆ ఆలోచననే వదిలేసేవారు.

1930లో అట్లాంటాలో రసాయనశాస్త్రవేత్తల సభ జరిగింది. మిడ్జ్‌లీ వేదిక మీద ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి మెల్లగా వదిలారు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఆయనకేమీ కాలేదు. విషం కాదు, మండదు అని ఒక్క ఊపిరితో రుజువైంది. ఫ్రిజ్ వంటింట్లోకి నిర్భయంగా వచ్చింది. పాలు, మాంసం చెడిపోకుండా నిలిచాయి. మందులను చల్లగా దాచడం తేలికైంది. తర్వాత ఇదే జాతి వాయువులు ఉబ్బసం ఇన్‌హేలర్లలోకీ వచ్చాయి.

మంచం, తాళ్లు, కప్పీలు

1940లో, 51 ఏళ్ల వయసులో మిడ్జ్‌లీకి పోలియో సోకింది. కాళ్లు చచ్చుబడ్డాయి. పోలియో పిల్లలకే కాదు, పెద్దలకూ వచ్చేది. సాల్క్ టీకా 1955లో గానీ రాలేదు. మంచం మీద నుంచి ఎవరి సాయమూ లేకుండా లేవడానికి ఆయన తాళ్లు, కప్పీలతో సొంతంగా ఒక అమరిక చేసుకున్నారు. పడకలోనే ఉన్నా 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది నవంబరు 2న, 55 ఏళ్ల వయసులో, ఆ తాళ్లే మెడకు చుట్టుకుని ప్రాణం పోయింది. అప్పటికి ఆయన పేరిట వందకు పైగా పేటెంట్లు, రసాయనశాస్త్రంలో పెద్ద పెద్ద పతకాలు ఉన్నాయి. తన రెండు ఆవిష్కరణలు తర్వాత ఎంత చేటు తెస్తాయో ఆయన చూడలేదు.

కదలని గుణమే కీడైంది

ఆర్-12లో అందరూ మెచ్చింది దాని స్థిరత్వం. దేనితోనూ కలవదు, త్వరగా విడిపోదు. అందుకే బయటికి వచ్చాక దాదాపు వందేళ్లు గాలిలో నిలిచి, నెమ్మదిగా పైపొరల్లోకి చేరింది. అక్కడ అతినీలలోహిత కిరణాలు దాన్ని విడగొట్టినప్పుడు క్లోరిన్ బయటపడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల సంఖ్యలో ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. 1974లో మరియో మోలినా, షేర్‌వుడ్ రోలండ్ ఈ ప్రమాదాన్ని చెప్పారు. మరుసటి ఏడాదే భారతీయ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్, ఈ వాయువులు భూమిని వేడెక్కిస్తాయని కూడా చూపించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది. ఓజోన్ పలచబడితే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. ఓజోన్ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. ఇక సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియా ఆపేసింది.

ఇంట్లోనే గడ్డకట్టే చలి కావాలంటే?

వాయువు ఎంపిక ఇప్పటికీ చిక్కు ప్రశ్నే. కంప్యూటర్ చిప్‌ను చల్లబరచడానికో, సరదాకో ఇంట్లోనే మైనస్ 80, మైనస్ 100 డిగ్రీల యంత్రాలు తయారుచేయాలనుకునే కుర్రాళ్లు ఉన్నారు. అంత చలి ఒకే వాయువుతో సాధ్యం కాదు. రెండు యంత్రాలను జత చేయాలి. మొదటిదానిలో మైనస్ 42 దగ్గర మరిగే ప్రొపేన్ లాంటిది, రెండోదానిలో మైనస్ 89 దగ్గర మరిగే ఈథేన్ లాంటిది వాడతారు. టీకాలు దాచే కొన్ని అతిశీతల ఫ్రీజర్లు పనిచేసేది ఇలాగే. ఓజోన్‌కు ఇవి హాని చేయవు, భూమిని వేడెక్కించేదీ తక్కువే. కానీ మిడ్జ్‌లీ పోగొట్టిన మంట భయం వీటితో మళ్లీ ఇంట్లోకి వస్తుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. 32 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ఈథేన్ ద్రవంగా ఉండదు. ఇథిలీన్ అయితే 9 డిగ్రీలకే అంతే. మన వేసవిలో గది 40 డిగ్రీలుంటే, ఆపేసిన యంత్రంలో ద్రవమంతా వాయువై పీడనం విపరీతంగా పెరుగుతుంది. కర్మాగారంలో చేసిన ఫ్రీజర్లలో దీన్ని తట్టుకునే ఏర్పాటు ఉంటుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకున్నదానికి ఉండకపోవచ్చు. కాబట్టి ఏ వాయువు మేలు అని అబ్బాయి అడిగితే ఒకటే జవాబు. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆసక్తి ఉంటే కాలేజీ ల్యాబ్‌లో, తెలిసినవారి పర్యవేక్షణలో నేర్చుకోవాలి.

మన ఫ్రిజ్ సంగతి

* ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద వాయువు పేరు ఉంటుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. విషం కాదు, కానీ మండుతుంది. లోపల ఉండేది కొన్ని పదుల గ్రాములే.
* గ్యాస్ దానంతట అది అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా మళ్లీ గ్యాస్ నింపించడం డబ్బు దండగ.
* స్టిక్కర్ మీదున్న వాయువునే నింపమనండి. వంటగ్యాస్ నింపుతామంటే ఒప్పుకోవద్దు.
* ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును కత్తితో గీకవద్దు. గొట్టానికి చిల్లు పడుతుంది. స్విచ్ ఆపి, మంచు దానంతట అది కరిగేదాకా ఆగండి.
* లీకైందని అనుమానం వస్తే పొయ్యి వెలిగించవద్దు, స్విచ్‌లు ముట్టుకోవద్దు. కిటికీలు తెరిచి బయటికి రండి. ఈ వాయువు గాలికన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది. చంటిపిల్లలను ముందుగా తీసుకెళ్లండి.
* పాత ఫ్రిజ్, ఏసీ అమ్మేటప్పుడు గొట్టం కోసి గ్యాస్ గాలిలోకి వదిలేయనివ్వద్దు. పాతవాటిలో ఓజోన్‌కు హాని చేసే వాయువులే ఉండొచ్చు. గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టి తీసుకెళ్లే మెకానిక్‌కే ఇవ్వండి.

పీల్చి చూస్తే ఏమీ కాలేదు కాబట్టి మంచిదేనని మిడ్జ్‌లీ కాలం నమ్మింది. ఇప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న మరొకటి కూడా ఉంది. వాడేశాక అది ఎక్కడికి పోతుంది?