మహారాజుల నడుమ ఆటగాడు – కల్నల్ సి.కె. నాయుడు

మన కోనసీమలో క్రికెట్ బ్యాటు కొనుక్కోవలసిన పనిలేదు. కొబ్బరి మట్టను కత్తితో చెక్కితే బ్యాటు తయారవుతుంది. కోతలైన వరిచేనే మైదానం. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా, హాస్టల్లో చదువుకున్న వాళ్ళలో సెలవురోజు సాయంత్రం ఈ ఆట ఆడనివారు అరుదు. ఆట మొదలయ్యే ముందు ఒక తగువు మాత్రం తప్పదు. కెప్టెన్ ఎవరు? రబ్బరు బంతి ఎవడు కొన్నాడో వాడే కెప్టెన్. బాగా ఆడేవాడు ఒకడు, పెత్తనం చేసేవాడు మరొకడు.

ఇది మన చేలగట్ల మీద పుట్టిన తగువు కాదు. భారత క్రికెట్ పుట్టినప్పుడే ఈ తగువూ పుట్టింది. ఆనాడు బంతులు కొన్నవాళ్ళు మహారాజులు. బాగా ఆడినవాడు ఒక తెలుగువాడు. ఆయనే మన దేశపు తొలి టెస్టు కెప్టెన్, కల్నల్ సి.కె. నాయుడు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని నా తోటి విద్యార్థులకు పరిచయం చేయాలన్నదే నా ఈ చిన్న ప్రయత్నం.

జననం – బాల్యం

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. వారి పూర్వీకులది మచిలీపట్నం ప్రాంతం. న్యాయవాద వృత్తిలో పేరు తెచ్చుకున్న కుటుంబం అది. కాబట్టి నాయుడు గారు మనలో చాలామందిలా పేదరికంలో పుట్టినవారు కాదు. ఈ సంగతి దాచి చెప్పడం న్యాయం కాదు. నాగపూర్‌లోని హిస్లాప్ పాఠశాలలో చదువుకుంటూనే ఆటలో రాణించి, స్కూలు జట్టుకు నాయకుడయ్యారు.

1916లో బొంబాయిలో జరిగిన చతుర్ముఖ పోటీల్లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి పెద్ద మ్యాచ్ ఆడారు. ఆ రోజుల్లో జట్లు మతాన్ని బట్టి ఉండేవి. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు, ఎవరి జట్టు వారిది. జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు చివరి వరుసలో బ్యాటింగుకు దిగిన ఆ యువకుడు మొదటి పరుగులనే సిక్సర్‌తో సంపాదించాడు. అప్పటి మనవాళ్ళు తెల్లవారి బౌలింగును జాగ్రత్తగా ఆపుకోవడమే గొప్ప అనుకునేవారు. ఆ బంతి గాలిలోకి లేచిన క్షణాన అక్కడ కూర్చున్నవారికి కొత్త ధైర్యం వచ్చి ఉంటుంది.

అదే హిందూ జట్టులో పల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలర్ ఉండేవాడు. ఆయన దళితుడు. పూనాలో మైదానం చదును చేసే పనితో జీవితం మొదలుపెట్టాడు. తోటి ఆటగాళ్ళు లోపల టీ తాగుతుంటే ఆయనకు బయట మట్టి పాత్రలో ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండు వెళ్ళి వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఆయనకు దక్కలేదు. ఎంతో పోరాటం తర్వాత 1923లో ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. నాయుడు గారి కథ చదివేటప్పుడు మనం బాలూను కూడా గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే పుట్టుక అడ్డుగోడ ఎవరికి ఎంత ఎత్తున నిలిచిందో అప్పుడే తెలుస్తుంది.

ఆటే ఉద్యోగం

ఇవాళ ఆటగాళ్ళకు కోట్లు వస్తున్నాయి. ఆనాడు మన దేశంలో క్రికెట్ ఆడి బతకాలంటే ఏ మహారాజు కొలువులోనో చేరాలి. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు నాయుడు గారిని పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తర్వాత ఆయన కల్నల్ అయ్యారు. ఆయన పేరు ముందు ఉండే కల్నల్ అన్న మాట అలా వచ్చిందే. ఆరడుగుల విగ్రహం, నిటారైన నడక, మాటలో క్రమశిక్షణ. మైదానంలోనూ ఆయన సైనికుడే.

1926లో గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. ఆ జట్టులో గై ఎర్ల్ అనే ఆయన ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేశాడు. అంతకు మించి ఎవరు కొడతారులే అనుకున్నారు. మర్నాడు నాయుడు గారు రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. ఆఫీసులు వదిలి, దుకాణాలు కట్టేసి జనం మైదానానికి పరుగెత్తారని చెప్పుకుంటారు. చుట్టుపక్కల ఇళ్ళ మీదా, చెట్ల మీదా కూడా మనుషులేనట! ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకం ఇంగ్లండువారికి కలిగించిన ఇన్నింగ్స్ ఇది. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

లార్డ్స్ మైదానంలో

1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడడానికి ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ ఎవరు? మళ్ళీ అదే తగువు. పోర్‌బందర్ మహారాజును కెప్టెన్ చేశారు. లింబ్డీ యువరాజు వైస్ కెప్టెన్. సామాన్యుడు రాజుల మీద పెత్తనం చేయడమేమిటన్నది ఆనాటి ఆలోచన. అయితే పోర్‌బందర్ మహారాజు ఆ పర్యటనలోని ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో చేసినవి మొత్తం రెండే రెండు పరుగులు. ఆయన గొప్పతనం ఏమిటంటే తన శక్తి ఎంతో తనకు తెలుసు. టెస్టుకు తాను తప్పుకున్నారు. లింబ్డీ యువరాజు గాయంతో ఆడలేకపోయారు. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టును నడిపించుకుంటూ వచ్చినవాడు నాయుడు గారు. ఆయన కింద ఆడడం కొందరికి ఇష్టం లేకపోయినా ఆడక తప్పలేదు.

ఆ ఉదయం మన నిస్సార్ వేగానికి ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుంది. మన తొలి ఇన్నింగ్స్ 189 పరుగుల్లో నాయుడు గారివి 40. అవే అందరికన్నా ఎక్కువ. ఫీల్డింగులో చేతికి గాయమైనా ఆయన బ్యాటింగు మానలేదు. 158 పరుగుల తేడాతో మనం ఓడిపోయాం. కాని తలవంచుకుని రాలేదు. ఆ పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రీ నదిని దాటింది. ఒకప్పుడు అక్కడ ఆ నదే రెండు జిల్లాలకు సరిహద్దు. ఒక జిల్లాలో కొట్టిన బంతి మరో జిల్లాలో పడిందని చెప్పుకుంటారు! 1933లో విజ్డెన్ గ్రంథం ఆయనను ఆ ఏటి అయిదుగురు ఉత్తమ ఆటగాళ్ళలో ఒకరిగా ఎంపిక చేసింది.

1933-34లో మన గడ్డ మీద తొలి టెస్టులు జరిగినప్పుడూ ఆయనే కెప్టెన్. బొంబాయిలో లాలా అమర్‌నాథ్ భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ చేసినప్పుడు రెండో వైపున ఆసరాగా నిలిచి 67 పరుగులు చేసింది నాయుడు గారే.

చేజారిన కెప్టెన్సీ

1936లో మళ్ళీ ఇంగ్లండు పర్యటన. ఈసారి కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. విజ్జీగా పేరుపొందిన ఆయనా మన తెలుగువారే. ఆటకు ఆయన చేసిన సేవ లేకపోలేదు. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను మన దేశానికి రప్పించారు. కాని మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి ఆయన చేసినవి 33 పరుగులు. జట్టు ముఠాలుగా చీలిపోయింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించేశారు.

నాయుడు గారు ఏం చేశారు? అలిగి ఇంటికి రాలేదు. ఓవల్ మైదానంలో తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో ఫాస్ట్ బౌలర్ అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయనకు అదే అత్యధిక స్కోరు. ఆడినవి ఏడు టెస్టులు, చేసినవి 350 పరుగులు. అంకెలు చూస్తే చిన్నవే. తొలి టెస్టు నాటికే ఆయనకు 36 ఏళ్ళు దాటాయని మరిచిపోకూడదు.

వయసును ఓడించినవాడు

చాలామంది కథ ఇక్కడ ముగుస్తుంది. నాయుడు గారి కథ ఇక్కడినుంచి మరో ఇరవై ఏళ్ళు నడిచింది. ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. బ్రిటిష్ సైన్యంలో పనిచేస్తూ మన దేశానికి వచ్చిన ప్రసిద్ధ ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా 1944-45లో ఆయన జట్టులో ఆడాడు. ఒకప్పుడు తెల్లవారి జట్టుకు ఎదురు నిలిచిన మనిషి, ఒక తెల్లవాడికి నాయకుడయ్యాడు. 1945-46లో బరోడా మీద నాయుడు గారు 200 పరుగులు చేశారు. అప్పటికి ఆయన వయసు యాభై.

దెబ్బ తగిలితే రుద్దుకోకూడదన్నది ఆయన నియమం. బౌలర్‌కు మన నొప్పి తెలియకూడదు. 1951-52 రంజీ ఫైనల్లో ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి పళ్ళు ఊడిపోయాయి. పిచ్ మీద పడ్డ పళ్ళను పక్కకు తోసి ఆట కొనసాగించారని ఆనాటివారు చెప్పుకున్నారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ బరిలో దిగింది. కొత్త జట్టు, అనుభవం లేని కుర్రాళ్ళు. వాళ్ళకు కెప్టెన్‌గా వచ్చినవారు 58 ఏళ్ళ నాయుడు గారు. నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో స్థిరపడిన ఆయన, తాతల నాటి నేలకు అలా ఆడి రుణం తీర్చుకున్నారు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ ఇన్నింగ్స్ ఆడి 52 పరుగులు చేసేటప్పటికి ఆయనకు 61 ఏళ్ళు!

మొత్తం ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆయన పరుగులు 11,825. సెంచరీలు 26. వికెట్లు 411. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా భారత్‌కు టెస్టులు ఆడారు. కుమార్తె చంద్ర మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు పొందారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో నాయుడు గారు కన్నుమూశారు. బోర్డు ఆయన పేరిట జీవన సాఫల్య పురస్కారాన్ని, యువ ఆటగాళ్ళకు ఒక ట్రోఫీని ఏర్పాటు చేసింది.

ముగింపు

మహారాజులు సంస్థానాలతో పాటు వెళ్ళిపోయారు. వాళ్ళు చేసిన పరుగులు గుర్తుపెట్టుకున్నవారు లేరు. నాయుడు గారి సిక్సర్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పదవి ఎవరైనా ఇవ్వవచ్చు, ఎవరైనా లాక్కోవచ్చు. చేతిలోని విద్యను మాత్రం ఎవరూ లాక్కోలేరు. అయితే ఒక్క మాట. బాగా ఆడితే చాలు, అన్నీ వాటంతటవే వస్తాయని నేను చెప్పను. బాలూ కూడా బాగానే ఆడాడు. అందుకే మనకు రెండూ కావాలి. నాయుడు గారి పట్టుదల కావాలి, బాలూ అన్నదమ్ముల పోరాటమూ కావాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి ఆటకు జట్లు కట్టేటప్పుడు బంతి ఎవరు కొన్నారని అడగకండి. బాగా ఆడించగలిగింది ఎవరో చూడండి. వాళ్ళనే కెప్టెన్ చేయండి.