భుజాన మచ్చ వెనుక ఒక వైద్యుడు

కనిగిరి: పుట్టిన బిడ్డ ఎడమ భుజాన వేసే బి.సి.జి. టీకాలో 'సి' అక్షరం డాక్టర్ ఆల్బర్ట్ కాల్మెట్ గారిది. 1863లో ఫ్రాన్సులో జన్మించారు. పశువైద్యుడు గెరిన్‌తో కలిసి ఆవుల క్షయ క్రిమిని 13 ఏళ్లపాటు 230 మార్లు మార్చి మార్చి పెంచి, దాని విషం విరిచారు. 1921లో, క్షయతో తల్లిని పోగొట్టుకున్న ఒక పసికందుకు తొలిసారి ఆ మందు తాగించారు.

1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో మందు తాగిన శిశువులు 70 మందికి పైగా మరణించారు. నింద కాల్మెట్ మీద పడింది. అక్కడి ప్రయోగశాలలోనే అసలు క్షయ క్రిమి కలిసిందని విచారణలో తేలింది. తప్పు మందుది కాదు. అయినా ఆ దిగులు ఆయనను వదలలేదు. 1933లో కన్నుమూశారు.

మన దేశంలో ఈ టీకా తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. కాన్పు నాడు వేయించని తల్లులు బిడ్డకు ఏడాది నిండేలోగా వేయించవచ్చు. కొన్ని వారాలకు చిన్న పుండు లేస్తుంది, దానికి పసరు పూయరాదు.