సిడ్నీ కాటన్: హిట్లర్ నౌకలను ఫొటో తీసిన విమానం ఓనర్.. నిజాంకు తుపాకులు మోసిన పైలట్!

విజయవాడ: కాటన్ అంటే కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఒక్కరే. ఆనకట్టల కాటన్ దొర. ఆయన ఫొటోకు దండం పెట్టుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. కానీ 1948లో బెజవాడకు పడమటి వైపు ఊళ్లకు ఇంకో కాటన్ వల్ల ముప్పు వచ్చింది. ఆయన నీళ్లు తేలేదు. రాత్రిళ్లు విమానంలో తుపాకులు తెచ్చాడు. తెచ్చింది నిజాం సర్కారుకు.

ఇంతకీ ఎవరీ కాటన్?

పూర్తి పేరు ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్. 1894 జూన్ 17న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. ధవళేశ్వరం కాటన్‌తో ఈ కథకు పేరు తప్ప ఏ సంబంధం లేదు. చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లాడు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో 1915లో బ్రిటిష్ నౌకాదళ విమాన విభాగంలో చేరాడు.

అప్పటి విమానాలకు పైకప్పు ఉండేది కాదు. పైకి వెళితే పైలట్లు చలికి గడ్డకట్టిపోయేవారు. ఓ రోజు కాటన్ ఇంజన్ బాగు చేస్తూ, నూనె, గ్రీజు మరకలు పట్టిన ఓవరాల్స్‌తోనే హడావుడిగా విమానం ఎక్కేశాడు. దిగాక చూస్తే మిగతావాళ్లంతా వణుకుతున్నారు, ఆయనకు మాత్రం చలే వేయలేదు. నూనె పట్టిన బట్టలోంచి గాలి దూరలేదన్న మాట! లోపల బొచ్చు, మధ్యలో గాలి చొరబడని పట్టు, పైన గట్టి బట్ట.. ఇలా మూడు పొరలతో 1917లో సూట్ కుట్టించాడు. తన పేరులోంచే దానికి సిడ్‌కాట్ అని పేరు పెట్టాడు. బ్రిటిష్ పైలట్లు దాన్ని దశాబ్దాల పాటు వాడారు.

యుద్ధం అయిపోయాక కాటన్ కుదురుగా ఉండలేదు. కెనడా వైపు న్యూఫౌండ్‌ల్యాండ్‌లో మంచు మీద సీల్ జంతువుల మందలను విమానం నుంచి వెతికిపెట్టే వ్యాపారం చేశాడు. తర్వాత కలర్ ఫిల్మ్ అమ్మాడు. డబ్బు వచ్చేది, పోయేది. కానీ ఆ ఫిల్మ్ వ్యాపారం వల్ల యూరప్ అంతా తిరిగే సాకు దొరికింది. బ్రిటన్ నిఘా సంస్థ ఎంఐ6కు కావాల్సింది కూడా అదే.

1938లో ఎంఐ6 ఆయన్ను పట్టుకుంది. పేరుకు ఓ ప్రైవేటు కంపెనీ, ఆ కంపెనీకో విమానం. డబ్బు రహస్యంగా ప్రభుత్వానిది, నడిపేది కాటన్. ఆ విమానమే లాక్‌హీడ్ 12. రెండు పిస్టన్ ఇంజన్లు, ఒక్కోటి 450 హార్స్‌పవర్. ఆరుగురు ప్రయాణికులు కూర్చోవచ్చు. ఆ రోజుల్లో డబ్బున్న వ్యాపారులు కొనుక్కునే బండి అది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పుకోవాలి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 10 వేల అడుగులు దాటాక ఆక్సిజన్ చాలక బుర్ర మందగిస్తుంది. క్యాబిన్‌ను బిగించి లోపల గాలి ప్రెజర్ పెంచితే ఆ బాధ ఉండదు. లాక్‌హీడ్ కంపెనీయే 1937లో ఓ రెండింజన్ల విమానాన్ని అలా మార్చి ఎగరేసి చూపించింది. కానీ సొంతానికి కొనుక్కునే చిన్న పిస్టన్ విమానాల్లోకి ఆ సౌకర్యం రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. ఈ తరహాలో బాగా పేరున్న సెస్నా 421, బీచ్‌క్రాఫ్ట్ డ్యూక్ 1960ల చివర్లో గానీ రాలేదు. కాటన్ విమానం 20 వేల అడుగులు దాటి ఎక్కగలదు. ప్రెజర్ క్యాబిన్ మాత్రం లేదు.

ఉన్న విమానాన్నే ఆయన మార్చుకున్నాడు. అదనపు ట్యాంకులు పెట్టించి 1,100 కిలోమీటర్ల రేంజ్‌ను సుమారు 2,500కు పెంచాడు. నేల కింద మూడు కెమెరాలు దాచాడు. రంధ్రాలకు జరిగే మూతలు, వాటికో స్విచ్. అంత ఎత్తులో లెన్సుకు మంచు పడుతుందని అందరూ భయపడ్డారు. క్యాబిన్‌లోని వేడి గాలి ఆ రంధ్రాల మీదుగా బయటకు పోయేటట్టు చేస్తే లెన్సులు తేటగా ఉన్నాయి. కింద నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోయేలా లేత నీలి ఆకుపచ్చ రంగు వేయించాడు.

1939 జులైలో ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్ షోకు ఈ విమానంతోనే వెళ్లాడు. జర్మన్ వైమానిక దళం జనరల్ కెస్సెల్‌రింగ్ ముచ్చటపడి ఎక్కాడని, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే కింద జర్మన్ స్థావరాలను ఫొటోలు తీశానని కాటన్ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన కథల్లో మసాలా కొంచెం ఎక్కువే. ఫొటోలు మాత్రం నిజం. యుద్ధం మొదలయ్యే ముందు రోజుల్లో బెర్లిన్ నుంచి చివరగా బయటపడ్డ పౌర విమానాల్లో ఆయనదీ ఒకటి. జర్మన్ యుద్ధ నౌకల ఫొటోలు కూడా ఆ విమానమే తెచ్చింది.

యుద్ధం వచ్చాక లండన్ పక్కన హెస్టన్‌లో ఆయన చేతికి ఓ యూనిట్ ఇచ్చారు. స్పిట్‌ఫైర్ విమానాల్లో తుపాకులు పీకేసి, కెమెరాలు పెట్టించి, తేలిగ్గా, వేగంగా, ఎత్తుగా ఎగిరేలా చేశాడు. ఆ పద్ధతే తర్వాత జర్మన్ రాకెట్ల కేంద్రాన్ని బయటపెట్టింది. అయితే కాటన్ ఎవరి మాటా వినేవాడు కాదు. పై అధికారులను లెక్కచేయకపోవడం, ఫ్రాన్స్ పడిపోతున్నప్పుడు డబ్బు తీసుకుని జనాన్ని తరలించాడన్న ఆరోపణ.. మొత్తానికి 1940 జూన్‌లో తప్పించారు. మరుసటి ఏడాది ఓ బిరుదు ఇచ్చి సరిపెట్టారు.

అసలు కథ ఇక్కడే మన వైపు తిరుగుతుంది.

1948. హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు. సరిహద్దు చూస్తే గజిబిజి. మునగాల పరగణా కృష్ణా జిల్లాదే, కానీ చుట్టూ నిజాం రాజ్యం. కంచికచర్ల పక్కన పరిటాల నిజాందే, కానీ చుట్టూ కృష్ణా జిల్లా. రజాకార్ల దాడులకు తట్టుకోలేక తెలంగాణ నుంచి జనం బెజవాడ, జగ్గయ్యపేట వైపు తరలి వచ్చేశారు. భారత ప్రభుత్వం సంస్థానానికి సరుకులు కట్టడి చేసింది. ఆయుధాలు కొనడానికి నిజాం సర్కారు దగ్గర డబ్బుంది. దారే లేదు.

ఆ దారి కాటన్ అమ్మాడు. లాంకాస్టర్ బాంబర్‌ను పౌర విమానంగా మార్చిన నాలుగింజన్ల లాంకాస్ట్రియన్లు సంపాదించాడు. కరాచీలో ఆయుధాలు ఎక్కించడం, చీకట్లో భారత భూభాగం మీదుగా ఎగిరిపోవడం, హైదరాబాద్ సంస్థానంలోని విమానాశ్రయాల్లో దించేయడం. కరాచీ నుంచి బీదర్‌కు తిన్నగా కొలిచినా 1,300 కిలోమీటర్లు. రాత్రిపూట వెతికి పట్టుకునే ఏర్పాటు భారత్‌కు అప్పట్లో సరిగా లేదు. పదేళ్ల కిందట హిట్లర్ కళ్లుగప్పిన మనిషికి ఇది పెద్ద పని కాదు.

తాను చేసింది దిగ్బంధంలో ఉన్న రాజ్యానికి సాయమేనని ఆయన వాదన. కానీ ఆ పెట్టెల్లో ఉన్నవి మందులు కావు. ఆ తుపాకులు ఎవరి మీద పేలతాయో బీదర్‌లో దించి వెళ్లిపోయేవాడికి అక్కర్లేదు. సూర్యాపేట, కోదాడ పక్క ఊళ్లలో ఉన్నవాళ్లకు అదే ప్రాణం మీదకొచ్చిన సంగతి.

సెప్టెంబర్ 13 తెల్లవారుజామున పోలీస్ యాక్షన్ మొదలైంది. ప్రధాన సేన షోలాపూర్ నుంచి, రెండోది మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో విజయవాడ వైపు నుంచి కదిలింది. కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట చేరింది. బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద భారత విమానాలు బాంబులు వేశాయి. 17వ తేదీ సాయంత్రానికి నిజాం సైన్యం లొంగిపోయింది. అన్ని రాత్రుల సరుకు ఐదు రోజులు కూడా నిలబెట్టలేకపోయింది.

లండన్‌లో కాటన్ మీద కేసు పెట్టారు. పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. అంతే!

ఆ తర్వాత కూడా ఏవేవో వ్యాపారాలు చేశాడు. 1969 ఫిబ్రవరి 13న ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో చనిపోయాడు. ఆయన లాక్‌హీడ్ మాత్రం 1940లో హెస్టన్ మీద జరిగిన బాంబు దాడిలో దెబ్బతిన్నా, రిపేర్ కోసం అమెరికా వెళ్లి, చేతులు మారి, ఇప్పటికీ మిగిలే ఉంది.